పేరయ్య చేతిలో ఎర్ర జెండా

నేను ఒక ఎర్ర జెండాను. ఈ మాట వినగానే మీరు నా పార్టీ ఏదని అడుగుతారు. నాకు పార్టీ లేదు. నా మీద గుర్తు లేదు, నినాదం లేదు, ఎవరి బొమ్మా లేదు. మూరెడు గుడ్డ, ఒక సరుగుడు కర్ర, రెండింటినీ కలిపి ఉంచే మూడు మేకులు, అంతే నేను. పడవ పందెంలో ఏదైనా తప్పు జరిగినా, ఎవరి ప్రాణం మీదికైనా వచ్చినా నన్ను పైకి ఎత్తాలి. నన్ను చూసినవాళ్ళు తెడ్లు నీళ్ళలోంచి తీసి ఆగిపోవాలి. నా ఉద్యోగం అదొక్కటే. అయితే ఉద్యోగం ఇవ్వడం వేరు, పని చెయ్యనివ్వడం వేరు అని మీ మనుషుల దగ్గరే నేర్చుకున్నాను.

అమలాపురంలో ఒక బట్టల కొట్లో ఎర్ర తానులో ఉండేదాన్ని. నా తోబుట్టువులు కత్తెరకి తెగి తలో దారీ పట్టారు. ఒక ముక్క ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచి, మధ్యాహ్నం భోజనాల దగ్గర చేతులు తుడుచుకోవడానికి పనికొచ్చింది. ఒక ముక్కని ఇనప చువ్వలు మోసే లారీ తోకకి కట్టారు. దాన్ని చూసి వెనక బళ్ళు ఆగుతాయని విన్నాను. అదృష్టవంతురాలు. నా వంతు వచ్చేసరికి పొన్నలంక తీర్థం కమిటీ ప్రెసిడెంటు అబ్బులు గారు ఒక కాగితం పట్టుకుని కొట్లోకి వచ్చారు.

ఆ కాగితం సంగతి చెప్పాలి. పొన్నలంకలో గంగాలమ్మ తీర్థానికి మాఘమాసంలో గోదావరి పాయలో పడవ పందెం పెడతారు. పొన్నలంక నావ ఒకటి, అవతలి గట్టున ఉన్న సంగంవారిపాలెం నావ ఒకటి. నావకి పదిమంది తెడ్లు వేసేవాళ్ళు, వెనక చుక్కాని పట్టే నాయకుడు. తాతల నాటినుంచి పందెం ఉంది. పందెం అయ్యాక గట్టుమీద తలలు పగలడమూ తాతల నాటినుంచే ఉంది. ఆ ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. పందెం పెట్టాలంటే ఫలానా పద్నాలుగు ఉండాలట. ఎర్ర జెండా, తెల్ల జెండా, విజిల్, లైఫ్ జాకెట్లు, రక్షణ పడవ, డాక్టరు, ఇలా. అబ్బులు గారు చదువుకున్న మనిషి. 'ఉండాలి' అన్నచోటల్లా ఉంచారు, పక్కన టిక్కు పెట్టారు. రక్షణ పడవ ఉంది, అందులో బ్యాండు మేళాన్ని ఎక్కించారు. డాక్టరు ఉన్నాడు, గొంతు బాగుంటుందని ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టారు.

నాతోపాటు ఒక తెల్ల జెండా కూడా తయారైంది. అది పాత పంచె ముక్క. పందెం ముగిశాక అంతా న్యాయంగా జరిగిందనిపిస్తే అంపైరు దాన్ని ఎత్తాలి, లేదనిపిస్తే నన్ను ఎత్తాలి. మొదటి రోజే మా ఇద్దరికీ పూజ చేసి కుంకుమ పెట్టారు. నా మీద కుంకుమ కనపడలేదు. తెల్లదానికి మాత్రం ఒక మూల ఎరుపెక్కింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ తర్వాత దాన్ని ఎప్పుడు ఎత్తినా కాస్త అనుమానంగానే కనపడేది.

ఇక అంపైరు. పందెంలో ఉన్నవాళ్ళకి ఏమీ కాని మనిషిని అంపైరుగా పెట్టాలని కాగితంలో ఉంది. అది చదివి రెండూళ్ళ పెద్దలూ నవ్వుకున్నారు. ఏమీ కానివాడి మాట ఎవడు వింటాడు? అందుకని అందరికీ ఏదో ఒకటి అయ్యే మనిషి కోసం వెతికారు. సంగాని పేరయ్య దొరికాడు. ముప్ఫై ఏళ్ళు గోదావరిలో లాంచీ నడిపిన సరంగు. ఆయన లాంచీ ఎక్కి ఒడ్డు చేరనివాడు లేడని పేరు. కానీ ఆయన్ని ఎంచుకున్నది అందుకు కాదు. ఆయన భార్య మంగాయమ్మ సొంత తమ్ముడు త్రిమూర్తులు పొన్నలంక నావకి నాయకుడు. ఆయన కూతుర్ని ఇచ్చింది సంగంవారిపాలెం. అల్లుడి అన్న పోసిబాబు ఆ ఊరి నావకి నాయకుడు. ఒకడు బావా అంటాడు, ఇంకొకడు మావయ్యా అంటాడు. రెండు వైపులా సమంగా లాగితే తాడు మధ్యలో నిలబడుతుందని పెద్దల ఆలోచన. తాడుకి ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు.

మొదటి ఏడు నా మడత విప్పే పని పడలేదు. పేరయ్య తెల్లవారకుండానే పడవేసుకుని పందెం దారి అంతా తిరిగాడు, వలలు కట్టే గుంజలు దగ్గరుండి పీకించాడు. నది మధ్య దారిలో నీటి వాలు ఎక్కువ, గట్టు పక్క తక్కువ. ఎవరికి ఏ దారి అని చీటీలు వేయించాడు. చీటీలు తీసిన చెయ్యి గంగాలమ్మ పూజారిది. ఆయనకి కళ్ళు సరిగ్గా కనపడవు కాబట్టి అందరికీ నమ్మకం. పొన్నలంక ఓడింది, సంగంవారిపాలెం గెలిచింది, తెల్లది లేచింది. నలుగురి తలలు పగిలాయి. మామూలే.

రెండో ఏడు సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

నావలు సగం దూరం వచ్చాయి. పోసిబాబు నావ ముందుంది. త్రిమూర్తులు చుక్కానిని ఒక్క తోపు తోశాడు. అతని నావ పక్క దారిలోకి వాలింది. తెడ్లకి తెడ్లు తగిలాయి. పోసిబాబు మనుషుల చేతుల్లోంచి రెండు తెడ్లు జారి నీళ్ళలో పోయాయి. పక్కగా మోటారు పడవలో నిలబడి వస్తున్న పేరయ్య చూశాడు. చూడలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, నేనప్పుడు ఆయన కుడిచేతిలో ఉన్నాను. ఆ చెయ్యి బిగిసింది. నా కర్ర నాలుగు అంగుళాలు పైకి లేచింది. గట్టుమీద పొన్నలంక అంతా కండువాలు ఎగరేస్తోంది. పెళ్ళిలో తనకి కాళ్ళు కడిగిన బావమరిది ముందుకి దూసుకుపోతున్నాడు. చెయ్యి కిందికి దిగింది. చివర్లో తెల్లది లేచింది, మూల ఎరుపుతో సహా.

పోసిబాబు గొడవ చెయ్యలేదు. నావని ఒడ్డుకి లాగించి, తుండుతో తల తుడుచుకుంటూ పేరయ్య దగ్గరికి వచ్చాడు.

"మావయ్యా, మీ కళ్ళు బాగానే ఉన్నాయండి. చెయ్యే బరువెక్కినట్టుంది."

అంతే అని వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఒక్క తలా పగల్లేదు. కొట్టుకుని ఉంటే పేరయ్యకి అన్నం సహించేదేమో.

ఇంటికి వెళ్ళాక మంగాయమ్మ కంచం ముందు పెట్టి అడిగింది. "తెడ్డు తగిలిందా, లేదా?"

"తగిలింది."

"మరి?"

"నీ తమ్ముడే గదా."

"ఆడు నాకు తమ్ముడండి. తెడ్డు తగిలిన టయానికి మీకు ఎవడూ కాదు."

ఆమె నన్ను తీసుకెళ్ళి ఆయన మంచానికి ఎదురుగా ఉన్న మేకుకి తగిలించింది. కమిటీ పెట్టెలో ఉండాల్సినదాన్ని ఏడాదంతా అక్కడే ఉన్నాను. ఆయన నిద్ర లేస్తే నేను, పడుకుంటే నేను. ఈలోగా సంగంవారిపాలెం వాళ్ళు ఆయనకి 'తెల్లజెండా పేరయ్య' అని పేరు పెట్టారు. కూతురు పుట్టింటికి వచ్చినప్పుడు అత్తవారింట్లో ఏమంటున్నారో చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకి తెలిసింది. ముప్ఫై ఏళ్ళ సరంగు మంచిపేరు నాలుగు అంగుళాలు లేచి దిగిన కర్రతో పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకునే చోటు ఒక్కటే, మళ్ళీ ఆ పడవలోనే. అందుకే మూడో ఏడు అబ్బులు గారు మొహమాటానికి "ఈసారి కూడా మీరే ఉంటారా?" అని అడిగితే, మాట పూర్తి కాకముందే పేరయ్య "ఉంటాను" అన్నాడు.

మూడో ఏటి తీర్థానికి పట్నం నుంచి ఒక పెద్ద నాయకుడు ముఖ్య అతిథిగా వస్తున్నాడు. అబ్బులు గారు నెల ముందునుంచే నేలమీద నిలవలేదు. రెండు నావల వాళ్ళకీ నాయకుడి బొమ్మ వేసిన బనియన్లు వచ్చాయి. నది మధ్యలో, సరిగ్గా పందెం దారిలో, నాలుగు వెదురు బొంగులు పాతి నాయకుడి ఫ్లెక్సీ కట్టారు. ఫొటోలో నావల వెనక ఆయన మొహం రావాలట. పేరయ్య పొద్దున్నే చూసి, "పందెం దారిలో గుంజలేంటండీ, తీయించండి" అన్నాడు. అబ్బులు గారు మొహం మాడ్చుకుని మనుషుల్ని పంపారు. వాళ్ళు వెళ్ళి బొంగుల్ని నీటిమట్టానికి మూరెడు కిందికి కోసి వచ్చారు. పీకమంటే చెయ్యి నొప్పి. కోస్తే పైకి ఏమీ కనపడదు. కనపడనిది లేనట్టే. మొదటి ఏడు దగ్గరుండి పీకించిన పేరయ్య ఈసారి ఒడ్డునుంచి చూసి సరే అనుకున్నాడు. ఇది ఆయన తప్పు, దాచను.

ఇప్పుడు లైఫ్ జాకెట్ల సంగతి. అవి వేసుకుంటే కింద బనియన్ మీద నాయకుడి బొమ్మ కనపడదు. తీసేద్దామంటే కాగితంలో ఉన్నాయి. కమిటీ కూర్చుని ఆలోచించింది. ఎవరో బనియన్ల కింద వేసుకోమన్నారు. వేసి చూశారు. లోపలి ఫోము దిమ్మల వల్ల నాయకుడి బుగ్గలు బూరెల్లా పొంగి, కళ్ళు చెవుల దగ్గరికి పోయాయి. అలా చూపిస్తే ఆయనకి కోపం వస్తుంది. అప్పుడు అబ్బులు గారికి ఉపాయం తట్టింది. జాకెట్ల కుట్లు విప్పించి ఫోము దిమ్మలన్నీ బయటికి లాగించారు. ఒట్టి గుడ్డ జాకెట్లు బనియన్ల కింద చక్కగా అమరిపోయాయి. నాయకుడి మొహం నాయకుడి మొహంలాగే ఉంది. కాగితంలో జాకెట్ల పక్కన టిక్కు పడింది. తెడ్లు వేసేవాళ్ళు కూడా అడ్డు చెప్పలేదు. "గోదారోడికి జాకెట్టేంటండీ, చేపకి గొడుగా?" అని వాళ్ళలో వాళ్ళే నవ్వుకున్నారు.

నావలు బయలుదేరే చోట నిలిచాయి. వెనక మొలలోతు నీళ్ళలో మనుషులు పగ్గాలు పట్టుకున్నారు. విజిల్ పేరయ్య నోట్లో ఉంది. అప్పుడు సముద్రం వైపునుంచి గాలి వీచింది. పోసిబాబు బనియన్ మెడ దగ్గర బయటికి వచ్చిన జాకెట్టు అంచు రెపరెపలాడింది.

రెపరెపలాడడం నా విద్య. లోపల ఏమీ లేని గుడ్డ మాత్రమే అలా ఆడుతుందని నాకు తెలుసు. ఏడాదిపాటు మంచం మీదనుంచి నన్నే చూసినవాడు కాబట్టి పేరయ్యకీ తెలిసింది. విజిల్ నోట్లోంచి తీశాడు. మోటారు పడవని నావ పక్కకి తెప్పించి, నా కర్ర కొసతో పోసిబాబు రొమ్ము మీద పొడిచాడు. కర్ర ఎముకకి తగిలింది.

"ఓయమ్మో! ఏంటి మావయ్యా?"

"లోపల దిమ్మలేవిరా?"

"ఏమో, మాకు ఇలాగే ఇచ్చారండి."

పేరయ్య రెండో నావ దగ్గరికి వెళ్ళాడు. త్రిమూర్తులు రొమ్ము మీదా పొడిచాడు. అక్కడా ఎముకే. ఈ విషయంలో కమిటీ రెండు ఊళ్ళనీ సమానంగా చూసింది.

అప్పుడు ఆయన నా మడత విప్పాడు. మూడేళ్ళలో మొదటిసారి నేను పూర్తిగా పైకి లేచాను. ఆ ఎత్తునుంచి గోదావరి ఎంత వెడల్పో అప్పుడే చూశాను.

మైకులో డాక్టరు "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టి, తర్వాత ఏం చెప్పాలో తెలియక నాయకుడి గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. అబ్బులు గారు ఒక పడవ ఎక్కి చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

"ఏంటండీ పేరయ్య గారూ ఇది? ఆయన పదకొండింటికల్లా ఇంకో ఊళ్ళో ఉండాలండి. దించెయ్యండి బాబూ."

"దిమ్మలేవండి?"

"ఏ దిమ్మలండి?"

"జాకెట్లలోవి."

"ఉన్నాయండి. ఎక్కడికి పోతాయి? పోటు మీద ఉంది గోదారి, ఇంకాసేపైతే పాటు వచ్చేస్తుంది. ముందు పందెం కానివ్వండి, తర్వాత వెతుకుదామండి."

"ఎక్కడున్నాయో చెప్పండి. పందెం అప్పుడవుతుంది."

అబ్బులు గారు గొంతు తగ్గించారు. "కుర్చీలు గట్టిగా ఉన్నాయండి. స్టేజీ మీద పెద్దమనుషులు గంటలకొద్దీ కూర్చోవాలి కదా. దిండ్ల కింద వేయించానండి."

నీళ్ళలో మునిగేవాళ్ళని తేల్చడానికి తెచ్చినవి ఒడ్డుమీద కూర్చున్నవాళ్ళ కిందికి చేరాయి. పేరయ్య నవ్వలేదు. "లేపండి" అన్నాడు.

"ఎవర్నండీ?"

"కూర్చున్నోళ్ళని."

త్రిమూర్తులు నావలోంచి అరిచాడు. "బావా, మనకి ఈతొచ్చు గదా! ఊరి పరువు తియ్యకు!"

"నీకు ఈతొచ్చురా. తలమీద తెడ్డు పడితే నీ తలకి రాదు."

అబ్బులు గారు బతిమాలారు, బెదిరించారు, వచ్చే ఏడు అంపైరు ఎవరో చూస్తామన్నారు. చివరికి నన్ను లాక్కోబోయారు. పేరయ్య నన్ను ఇంకాస్త ఎత్తుగా పట్టుకున్నాడు. అబ్బులు గారు పొట్టి మనిషి. నియమాలు ఆయన్ని ఆపలేకపోయాయి గానీ ఎత్తు ఆపింది.

స్టేజీ మీద ఒక్కొక్కరూ లేచారు. దిమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి, కొన్ని ఇంకా వెచ్చగా ఉన్నాయి. నాయకుడు అందరికన్నా చివర లేచాడు. గట్టుమీద, పక్కనున్న చేపలపాలెం ఆడవాళ్ళు వలలు అల్లే సూదులు, నైలాన్ దారం తెచ్చుకుని వరసగా కూర్చున్నారు. మంగాయమ్మ ముందు కూర్చుంది. ఇరవై రెండు జాకెట్లూ తిరిగి కుట్టారు. గంటకి పైగా పట్టింది. ఈలోగా పేరయ్య రక్షణ పడవలోంచి బ్యాండు మేళాన్ని కూడా దింపించాడు. పెద్ద డోలు ఒక్కటి అందులోనే ఉండిపోయింది. గట్టుమీద జనం ఎండలో మాడిపోతూ ఆయన్ని ఏ తిట్లు తిట్టారో ఇక్కడ రాయడం బాగుండదు. రెండూళ్ళవాళ్ళూ ఒకే మాట మీద ఉండడం ఆ ఒక్కసారే చూశాను.

జాకెట్లు బనియన్ల పైన వేసుకుని నావలు బయలుదేరాయి.

ఆ గంటలో పాటు వచ్చింది. గోదావరి నీళ్ళు సముద్రం వైపుకి జారిపోయాయి. పొద్దున మూరెడు లోతున కోసిన బొంగులు జానెడు లోతుకి వచ్చేశాయి. మధ్య దారి చీటీ పోసిబాబుది. నావ మంచి ఊపు మీద వచ్చి, కనపడని బొంగుకి కొట్టుకుని, ఒక పక్కకి లేచి తిరగబడింది. పదకొండుమందీ నీళ్ళలో పడ్డారు. పేరయ్య నన్ను ఎంత విసురుగా ఎత్తాడంటే నా మేకు ఒకటి ఊడిపోయింది.

పదిమంది తలలు నీళ్ళమీద తేలి అరుస్తున్నాయి. పదకొండో మనిషి పోసిబాబు అరవడం లేదు. తిరగబడ్డ నావలోంచి తెడ్డు ఎగిరి కణతకి తగిలింది. మనిషికి స్పృహ లేదు. ఈత అతనికి గుర్తులేదు. జాకెట్టుకి అతను గుర్తున్నాడు. వెల్లకిలా, మొహం ఆకాశం వైపు పెట్టి, ఉయ్యాల్లో పడుకున్నవాడిలా వాలుకి కొట్టుకుపోతున్నాడు. డోలుతో సహా రక్షణ పడవ వెళ్ళింది. జాకెట్టు పట్టుకుని పైకి లాగారు. పడవలో కాస్త నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, పక్కనున్న డోలుని చూసి, "పెళ్ళెవరిది?" అన్నాడట. ప్రాణం పోలేదని అందరికీ అప్పుడు తెలిసింది.

ఈలోగా త్రిమూర్తులు ఏం చేశాడు? నన్ను చూసి ఆగాలి కదా. ఆగలేదు. ఇంకో ఇరవై తెడ్ల దూరంలో గెలుపు ఉంది. అటే చూస్తూ దూసుకుపోయి గీత దాటేశాడు. పేరయ్య మిగతా పదిమందినీ నీళ్ళలోంచి లాగి, తడిసిన బట్టలతో రేవుకి వచ్చేసరికి నాయకుడు కప్పు పట్టుకుని నవ్వు సిద్ధంగా ఉంచుకున్నాడు. త్రిమూర్తులు చెయ్యి చాచి ఉన్నాడు.

పేరయ్య రేవు మెట్లమీద నిలబడి నన్ను ఎత్తాడు.

"ఈ పందెం చెల్లదు."

"జెండా చూళ్ళేదు బావా! ఒట్టు. ఎదర ఎండ గదా." త్రిమూర్తులు గొంతు తగ్గించాడు. "అక్క చూస్తోంది బావా."

ఇరవై అడుగుల దూరంనుంచి మంగాయమ్మ గొంతు వినపడింది. "చూస్తన్నాన్రా! నాకు గట్టుమీద చివార్నుంచి కనపడ్డ జెండా నడి గోదాట్లో ఉన్న నీకు కనపళ్ళేదేంటి? కళ్ళద్దాలు కొనిపెట్టమంటావా?"

రెండూళ్ళూ ఒకేసారి నవ్వాయి. నాయకుడు కప్పు వెనక్కి ఇచ్చేశాడు. కానీ ఆయన నాయకుడు ఊరికే కాలేదు. మైకు తీసుకుని, "నేను నా కుర్చీని వదులుకుని పదకొండు ప్రాణాలు కాపాడాను" అని ఉపన్యాసం ఇచ్చాడు. మర్నాడు పేపర్లలో ఆ మాటే వచ్చింది. ఆయన కూర్చున్న దిమ్మని అబ్బులు గారు పంచాయతీ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టించారు. కింద ఆయన పేరు, తేదీ. మునుగుతున్నవాడు అద్దం పగలగొట్టుకుని తీసుకోవాలి కాబోలు.

కమిటీ కూర్చుని విచారణ చేసింది. పేరయ్య గంట ఆలస్యం చెయ్యడం వల్లే నీళ్ళు తగ్గాయని, నీళ్ళు తగ్గడం వల్లే నావ బోల్తా పడిందని తేల్చారు. బొంగులు ఎవరు కోశారో తేలలేదు. పేరయ్య వాళ్ళ ముందు నిలబడి, "గుంజలు చెయ్యి పెట్టి చూడకపోవడం నా తప్పేనండి. ఆలస్యం మాత్రం మళ్ళీ చేస్తాను" అన్నాడు.

పది రోజుల తర్వాత పందెం మళ్ళీ పెట్టారు. నాయకుడు లేడు, మైకు లేదు, స్టేజీ లేదు. ఈసారి పేరయ్య పడవేసుకుని దారి పొడుగునా గెడతో పొడుచుకుంటూ వెళ్ళాడు. పోసిబాబు తలకి కుట్లు ఉండడంతో వేరేవాడు చుక్కాని పట్టాడు. త్రిమూర్తులు తన దారిలో తాను వెళ్ళి రెండు నావల తేడాతో గెలిచాడు. ఇంత బాగా గెలవగలిగినవాడు అన్నాళ్ళూ అంత కష్టపడి ఎందుకు దొంగాట ఆడాడో నాకు అర్థం కాలేదు. నన్ను చంకలో పెట్టుకుని పేరయ్య తెల్లదాన్ని ఎత్తాడు. గట్టుమీద తలకి కట్టుతో కూర్చున్న పోసిబాబు అన్నాడు.

"చెయ్యి తేలిగ్గా లేచింది మావయ్యా."

ఆ సాయంత్రం పేరయ్య రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మరుసటి ఏడు 'సరంగు గారి ఆరోగ్యం దృష్ట్యా' ఆయనకి విశ్రాంతి ఇచ్చారు. ఆయన ఆరోగ్యం బాగానే ఉంది. ఆ తర్వాత నాలుగేళ్ళకి గాని ఆయన పోలేదు. కొత్త అంపైరు కొత్త జెండా కావాలన్నాడు. పట్టుగుడ్డది, జరీ అంచుది కొన్నారు. నన్ను ఎవరూ తిరిగి అడగలేదు. పేరయ్య పోయాక మంగాయమ్మ నా కర్ర ఊడదీసి చూరులో దోపింది. నేను మసిగుడ్డనయ్యాను. అన్నం వార్చేటప్పుడు గిన్నె పట్టుకోవడం, డేగిసా దింపడం. దాని గురించి నాకు బాధ లేదు. పొద్దునా సాయంత్రం రోజూ పని ఉండేది. జెండాగా ఉన్నప్పుడు మూడేళ్ళలో మూడుసార్లు లేచాను.

ఈ మాఘమాసం మొదట్లో పోసిబాబు వచ్చాడు. కణతమీద మచ్చ అలాగే ఉంది. అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "అత్తా, ఈ ఏడు నన్ను అంపైరుగా ఉండమన్నారు" అన్నాడు.

"నువ్వా? నువ్వు సంగంవారిపాలెం వోడివి గదరా. పొన్నలంక ఎలా ఒప్పుకుంది?"

"మా పెద్దాడికి త్రిమూర్తులు గారి అమ్మాయిని చేసుకున్నాం గదత్తా. ఇప్పుడు నేను రెండూళ్ళకీ చుట్టాన్నే."

కమిటీ ఏమీ మర్చిపోలేదు, ఏమీ నేర్చుకోలేదు. మంగాయమ్మ చాలాసేపు నవ్వింది. లోపలికి వెళ్ళి నన్ను పొయ్యి దగ్గరనుంచి తెచ్చి, కుంకుడుకాయ రసంలో రెండుసార్లు ఉతికింది. మసి మరక పూర్తిగా పోలేదు. చూరులోంచి కర్ర తీసి, ఊడిన మేకు చోట కొత్త మేకు పెట్టి తనే కొట్టింది.

"జెండా ఇస్తాను గాని, ఎత్తకపోతే మళ్ళీ తెచ్చి ఇచ్చెయ్యి. నాకు గిన్నె దింపడానికి కావాలి."

ఈ మాట చెబుతున్న ఈ క్షణానికి నేను గోదావరి మీద ఉన్నాను. రెండు నావలూ వరసలో ఉన్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ముఖ్య అతిథి గడియారం చూసుకుంటున్నాడు. పోసిబాబు విజిల్ జేబులోనే ఉంచి, నా కర్ర కొసతో ఒక్కొక్కడి రొమ్ముమీదా పొడుచుకుంటూ వస్తున్నాడు. పొన్నలంక నావ వెనక, జుట్టు నెరిసిన త్రిమూర్తులు చుక్కాని పట్టుకుని రొమ్ము ముందుకి పెట్టి కూర్చున్నాడు.

"కానివ్వండి బావగారూ, పొడవండి. ఎలాగూ వదలరు గదా."

పొడిచాడు. లోపల మందంగా తగిలింది.

గట్టుమీద జనం ఆలస్యమైపోతోందని మొదలుపెట్టారు. పాత తిట్లే. ఒక్కటి కూడా మారలేదు. పోసిబాబు నన్ను చేతిలో సరిచేసుకుని పక్క నావ దగ్గరికి కదిలాడు. ఇంకా పదకొండుమంది ఉన్నారు.